22 లక్షలున్నాయి: ఫామ్ ప్లాట్ కొనాలా, నల్లగొండలో మూడు పోర్షన్ల ఇల్లా?

జడ్చర్ల_జీతగాడు
అందరికీ నమస్తే. మా ఊరు కనగల్ దగ్గర. పోలేపల్లిలో ఫార్మా కంపెనీలో పదకొండేళ్లుగా పనిచేస్తున్నా. జడ్చర్లలో కిరాయి ఇంట్లో ఉంటున్నాం. జీతం 46 వేలు. రెండు చిట్టీలు ఎత్తితే, నాన్న కొంత కలిపితే 22 లక్షలు జమయ్యాయి. బ్యాంకులో పెడితే మా బామ్మర్ది నవ్వుతున్నాడు.

నా ముందు రెండు దారులున్నాయి. ఒకటి, మర్రిగూడ వైపు ఫామ్ ప్లాట్. నాలుగు గుంటలు, 20 లక్షలు. ట్రిపుల్ ఆర్ (రీజినల్ రింగ్ రోడ్డు) పక్కనే అంటున్నారు, పాస్‌బుక్ ఇస్తామంటున్నారు, మూడేళ్లలో డబుల్ అంటున్నారు. రెండోది, నల్లగొండలో దేవరకొండ రోడ్డు వైపు 150 గజాల్లో పాత ఇల్లు. కింద రెండు పోర్షన్లు, పైన ఒకటి. మూడూ నిండే ఉన్నాయి, కలిపి నెలకు 14,500 కిరాయి వస్తోంది. ధర 42 లక్షలు చెబుతున్నారు. లోన్ తీసుకోవాలి.

ఇంతకుముందు ఏ ఆస్తీ కొనలేదు. ఏది మంచిది?

దేవరకొండ_దుబాయ్
తమ్ముడూ, "పక్కనే" అన్న మాట ఎక్కడ వినిపించినా ఒక్క అడుగు వెనక్కి వెయ్యి. ట్రిపుల్ ఆర్ అంటే ఊరి రోడ్డు కాదు. ఉత్తర భాగం సంగారెడ్డి నుంచి చౌటుప్పల్ దాకా, దక్షిణ భాగం చౌటుప్పల్ నుంచి ఆమనగల్లు, షాద్‌నగర్ మీదుగా మళ్లీ సంగారెడ్డి దాకా. ఎక్స్‌ప్రెస్ వే లాంటిది. ఎక్కడ పడితే అక్కడ ఎక్కలేవు, ఇంటర్‌ఛేంజ్ ఉన్నచోటే ఎక్కాలి. నీ ప్లాట్ గట్టు మీద నిలబడి కార్లు చూస్తూ కూర్చోవచ్చు, అంతే. ఇంకా దరిద్రం ఏందంటే, నీ గుంటలు అలైన్‌మెంట్‌లోనే పడితే భూసేకరణ. అప్పుడు నీకొచ్చేది ఏజెంట్ చెప్పిన రేటు కాదు.

వెంచర్_కింగ్
సార్ మీరు భయపెట్టకండి. నాలుగు గుంటలు 20 లక్షలంటే చాలా తక్కువ. ఆదివారం సైట్ విజిట్‌కు ఏసీ కారు మేమే పంపిస్తాం, భోజనం కూడా మాదే. నా నంబర్ [తొలగించాం]

మోడరేటర్
ఫోన్ నంబర్లు వద్దని పైనే రాశాం. రెండోసారి పెడితే సభ్యత్వం పోతుంది.

పాత_సర్వేయర్
వెంచర్_కింగ్ గారూ, మీ రెరా (స్థిరాస్తి నియంత్రణ సంస్థ) నంబర్ పెట్టండి, చాలు. 500 చదరపు మీటర్లు దాటినా, ఎనిమిది ప్లాట్లు దాటినా రెరా రిజిస్ట్రేషన్ ఉండాలి. అమ్మే ఏజెంటుకూ ఉండాలి.

వెంచర్_కింగ్
ఇది ఫామ్ ల్యాండ్ సార్. లేఔట్ కాదు. రెరాలోకి రాదు.

పాత_సర్వేయర్
అదే కదా నేను మీ నోటితో చెప్పించాలనుకున్నది. లేఔట్ కాదు. అంటే అది ప్లాట్ కాదు.

జీతగాడు బాబూ, విను. ఒక రైతు ఐదెకరాలు అమ్మితే, దాన్ని కొన్నవాడు మధ్యలో మట్టి రోడ్డేసి, రాళ్లు పాతి, గుంటల లెక్కన అమ్ముతాడు. గుంట అంటే 121 గజాలు, నలభై గుంటలు ఎకరం. నీ కాగితంలో నాలుగు గుంటలు ఉంటాయి, అంటే 484 గజాలు. రోడ్డు పోగా నీ రాళ్ల మధ్య ఎన్ని గజాలు ఉన్నాయో టేపు పట్టుకుని కొలిచావా? ఆ రోడ్డు రికార్డుల్లో ఎవరి పేరున ఉంది? చాలాచోట్ల ఇంకా ఎవరో ఒకరి పట్టాలోనే ఉంటుంది. రేపు ఆయన కొడుకు వచ్చి అడ్డంగా కంచె వేస్తే నీ ప్లాటుకు దారి లేదు. కాగితంలో సర్వే నంబరు, విస్తీర్ణం ఉంటాయి కానీ ఆ సర్వే నంబరులో నీ నాలుగు గుంటలు ఏ మూలన ఉన్నాయో తేల్చే హద్దు ఉండదు. ఇంటికి పర్మిషన్ రాదు. బ్యాంకు లోన్ ఇవ్వదు. పాస్‌బుక్ వచ్చినంత మాత్రాన ఇవేవీ తీరవు.

భూమి రికార్డుల కోసం భూభారతి చట్టం 2025లో వచ్చింది. ఆ ఏడాది ఏప్రిల్ 14న పోర్టల్ మొదలుపెట్టి నాలుగు మండలాల్లో ముందు నడిపించారు. అందులో మన పాలమూరు వైపు మద్దూరు కూడా ఒకటి. రిజిస్ట్రేషన్‌కు సర్వే మ్యాప్ జత చేసే ఏర్పాటు ఆ చట్టంలో ఉంది. మ్యాప్ అడుగు. "తర్వాత ఇస్తాం" అంటే అక్కడే అర్థం చేసుకో.

ఇక నిజంగా వ్యవసాయ భూమే కొంటానంటే, మన జిల్లాల్లో పాత కాగితాలు చూడకుండా కొనొద్దు. 1954-55 ఖాస్రా పహాణీలో (పాత భూమి రికార్డు) ఎవరి పేరుంది, రక్షిత కౌలుదారు ఉన్నాడా, ఆ కౌలుదారుకు యాజమాన్యం ఇచ్చే 38-ఇ సర్టిఫికెట్ ఎవరికైనా ఇచ్చారా, ఇనాం భూమా, ప్రభుత్వం పేదలకిచ్చిన అసైన్డ్ భూమా చూడాలి. అసైన్డ్ భూమి అమ్మడమే నిషేధం, 1977 నుంచి చట్టం ఉంది. భూదాన్ భూమీ అంతే. భూదానం పుట్టిందే మన పోచంపల్లిలో, 1951లో. ఆ భూములను చేతులు మార్చి అమ్మినవాళ్లూ మన దగ్గరే ఉన్నారు. సబ్‌రిజిస్ట్రార్ దగ్గర 22-ఏ నిషేధిత జాబితాలో సర్వే నంబరు ఉందేమో ఆన్‌లైన్‌లో చూసుకోవచ్చు. డబ్బు పెట్టక్కర్లేదు, పది నిమిషాల పని.

దేవరకొండ_దుబాయ్
నా కథ చెప్తా, నవ్వకండి. 2019లో దుబాయ్ నుంచే డబ్బు పంపి ఒక వెంచర్‌లో 200 గజాలు కొన్నా. "రిజిస్ట్రేషన్ మీరు వచ్చినప్పుడు చేసుకుందాం" అన్నారు. నోటరీ కాగితం రాసిచ్చారు. మా తమ్ముడు సంతకం పెట్టాడు. 2020 ఆగస్టులో అనుమతి లేని లేఔట్ ప్లాట్ల రిజిస్ట్రేషన్లు ఆపేశారు. ఆ తర్వాత అలాంటి ప్లాట్లను క్రమబద్ధీకరించే ఎల్ఆర్‌ఎస్ వచ్చింది, వెయ్యి రూపాయలు కట్టి అప్లై చేయమన్నారు. నేనూ ఉరికా. 2020 ఆగస్టు 26కు ముందు రిజిస్టరైన సేల్ డీడ్ ఉండాలట. నా దగ్గర నోటరీ ఉంది! అమ్మినవాడు ఫోన్ ఎత్తడం మానేసి నాలుగేళ్లయింది. ఆ ప్లాటులో ఇప్పుడు ఎవరో జొన్న వేస్తున్నారు. బాగానే పండుతోందట.

పానగల్లు_పంతులు
అన్నా, జొన్నలో వాటా అడగండి 🙂

ఇల్లు గురించి ఎవరూ లెక్క వేయలేదు. నేను లెక్కల టీచర్‌ని, చేయి ఊరుకోదు.

42 లక్షల ఇంటికి నెలకు 14,500 అంటే ఏడాదికి 1,74,000. నాలుగు శాతం పైన. మన ఊళ్లో ఇది మంచి రాబడే. కానీ అది బోర్డు మీది లెక్క. ఏడాదిలో ప్రతి పోర్షనూ ఒక నెల ఖాళీగా ఉన్నట్టు 14,500 తీసేయండి. రిపేర్లకు 20 వేలు. ఇంటి పన్ను 6 వేలనుకుందాం. మిగిలేది 1,33,500. అంటే మూడు శాతానికి కాస్త పైన.

ఇప్పుడు లోన్. 24 లక్షలు, 20 ఏళ్లు, తొమ్మిది శాతం వడ్డీ అనుకుంటే ఈఎంఐ దాదాపు 21,600. కిరాయి పూర్తిగా వచ్చినా నెలకు 7,100 మీ జేబులోంచే కట్టాలి. నిజమైన లెక్క చూస్తే పదివేల పైనే. రిజిస్ట్రేషన్ ఖర్చు 7.5 శాతం, అంటే 3,15,000. మీ 22 లక్షల్లో 18 ఇంటికి, 3.15 రిజిస్ట్రేషన్‌కు పోతే చేతిలో మిగిలేది 85 వేలు. రైటర్‌కు, బ్యాంకు ప్రాసెసింగ్‌కు ఇస్తే అదీ కరుగుతుంది. బోరు మోటారు కాలిపోయిన రోజు చిట్టీ ఎత్తాల్సి వస్తుంది.

కొనొద్దని కాదు. ఈ ధరకు కొనొద్దు.

జడ్చర్ల_జీతగాడు
పంతులు గారూ, ఇన్నాళ్లూ నేను "కిరాయితోనే ఈఎంఐ కట్టేయొచ్చు" అనుకుంటున్నా. మా ఆవిడకూ అదే చెప్పా. ఈ లెక్క చూపించాక ఇంట్లో నిశ్శబ్దం.

అమ్మేవాళ్లు ఒక మాటన్నారు: 30 లక్షలు కాగితం మీద చూపించి, మిగతా 12 నగదు ఇస్తే రిజిస్ట్రేషన్ ఖర్చు తగ్గుతుందని. ఇది మామూలేనా?

దస్తావేజు_రైటర్
మామూలే అనే మాటతోనే మునిగిపోతారు. ఇరవై ఏళ్లుగా సబ్‌రిజిస్ట్రార్ ఆఫీసు ముందు కూర్చుంటున్నా. స్థిరాస్తి లావాదేవీలో 20 వేలు, అంతకు మించి నగదు తీసుకోవద్దని ఇన్‌కమ్ ట్యాక్స్ చట్టమే చెబుతోంది. నగదు తీసుకున్న అమ్మకందారుకు అంతే మొత్తం పెనాల్టీ పడొచ్చు. మీకు ఇంకో దెబ్బ: బ్యాంకు కాగితంలోని ధర చూసే లోన్ ఇస్తుంది, 30కి ఇస్తే మీకు చాలదు. రేపు మీరు అమ్మినప్పుడు మీ కొనుగోలు ధర 30 అని లెక్కేసి, ఆ 12 లక్షలనూ లాభంగానే చూసి పన్ను వేస్తారు. వాళ్ల పన్ను మీరు కడతారన్నమాట.

ఇంటికి చూడాల్సినవి చెప్తా. ఈసీ (ఆస్తి మీద జరిగిన రిజిస్ట్రేషన్ల జాబితా) ఆన్‌లైన్‌లో 1983 నుంచి దొరుకుతుంది, మొత్తం తీయండి. ఈసీలో కనపడనివి చాలా ఉన్నాయి: నోటరీ అగ్రిమెంట్లు, కోర్టు కేసులు, వారసుల తగాదాలు. లింక్ డాక్యుమెంట్లు (పాత అమ్మకాల దస్తావేజులు) ఒక్కటీ తప్పకుండా అసలువి చూడండి. జీపీఏ (ఓనర్ తరఫున వేరొకరికి రాసిచ్చే అధికార పత్రం) మీద అమ్ముతున్నారా? జీపీఏతో యాజమాన్యం రాదని సుప్రీంకోర్టు 2011లోనే తేల్చేసింది. ఇంటి పర్మిషన్ కాపీ అడగండి. ఇంటి పన్ను రసీదులో ఎన్ని అంతస్తులున్నాయో చూడండి. పై పోర్షన్ తర్వాత కట్టింది అయితే పర్మిషన్ ఉండదు, బ్యాంకు దానికి విలువ కట్టదు.

ఇల్లు ఎవరిది? తండ్రి సంపాదించిందా? తండ్రి పోయాడా? అయితే కొడుకులు సంతకం పెడితే చాలదు. కూతుళ్లు కూడా పెట్టాలి. పెళ్లై వెళ్లినా హక్కు పోదు. నేను చూసిన తగాదాల్లో సగం "చెల్లెకు కట్నం ఇచ్చేశాం కదా" అన్న మాటతో మొదలైనవే.

జడ్చర్ల_జీతగాడు
ఇల్లు వాళ్ల నాన్న కట్టింది. ఆయన పోయి ఐదేళ్లయింది. ఇద్దరు కొడుకులు అమ్ముతున్నారు. అక్క మిర్యాలగూడలో ఉందట. ఆమె సంగతి ఎవరూ ఎత్తలేదు.

దస్తావేజు_రైటర్
ఎత్తండి. అడ్వాన్స్ ఇవ్వకముందే ఎత్తండి.

కిరాయిదారు_నంబర్1
సార్లూ, కొనేవాళ్ల గురించి అందరూ మాట్లాడుతున్నారు. అందులో ఉన్న మా గురించి ఎవరూ అడగట్లేదు. పదేళ్లుగా మహబూబ్‌నగర్‌లో కిరాయికి ఉంటున్నా, ఐదు ఇళ్లు మారాను. కొత్త ఓనర్ వచ్చినప్పుడల్లా మొదటి మాట "కిరాయి పెంచాలి". రెండో మాట "మీరేవాళ్లు?"

మూడిళ్ల_ఓనరమ్మ
ఆ రెండో మాట అడిగే ఓనర్ల ఇళ్లు నెలల తరబడి ఖాళీగా ఉంటాయి నాయనా, నా కళ్లతో చూశా. పక్కింటాయన "మాంసం వండుకోని వాళ్లకే" అని బోర్డు పెట్టాడు. ఏడు నెలలు. ఏడు నెలల కిరాయి అంటే వాళ్లింటి మొత్తానికి రంగులు వేయించుకోవచ్చు. నేను అడిగేవి వేరు: ఎక్కడ పనిచేస్తారు, ఎంతమంది, పాత ఓనర్ ఫోన్ నంబర్. పాత ఓనర్‌కు తప్పకుండా ఫోన్ చేస్తా. అందులోనూ ఇప్పుడున్న ఓనర్‌కు కాదు, అంతకు ముందాయనకు. ఇప్పుడున్నాయన వాళ్లను వదిలించుకోవాలని మంచిగా చెప్పొచ్చు కదా.

జీతగాడు బాబూ, నాకు మహబూబ్‌నగర్‌లో మూడు ఇళ్లు, ఎనిమిది పోర్షన్లు. ఆయన పోయాక నేనే చూసుకుంటున్నా. చెప్పేవి వరసగా ఉండవు, గుర్తొచ్చినట్టు చెప్తా.

కరెంటు మీటర్లు. మూడు పోర్షన్లకు ఒకే మీటరు ఉందా, మూడు ఉన్నాయా? ఇది అందరూ మర్చిపోతారు. గృహజ్యోతిలో 200 యూనిట్ల లోపు వాడితే, రేషన్ కార్డు ఉన్న కిరాయిదారుకు కూడా జీరో బిల్లు వస్తుంది. కానీ వాళ్ల మీటరు వాళ్లకుండాలి. ఒకే మీటరైతే ముగ్గురి యూనిట్లూ కలిసి 200 దాటుతాయి. ఎవరికీ జీరో రాదు, పైగా ఎక్కువ స్లాబులో పడతారు. ఆ తర్వాత నెలనెలా బిల్లు పంచుకోవడంలో పంచాయితీ. "మా ఇంట్లో ఫ్రిజ్ లేదు, మేమెందుకు అంత కట్టాలి?" నేను మీటర్లు విడగొట్టించాక సగం తలనొప్పి పోయింది, పోర్షన్లు కూడా తొందరగా నిండుతున్నాయి. ముందు గదిలో కర్రీ పాయింట్ పెట్టుకుంటానని ఎవరైనా అంటే, ఇంటి మీటరు మీద ఒప్పుకోవద్దు. ఫైన్ పడేది నీ సర్వీసు నంబరు మీద.

నీళ్లు. మీ నల్లగొండలో అయితే ఇది ఇంకా ముఖ్యం. ఫ్లోరైడ్ సంగతి మీకు నేను చెప్పాలా? బోరు ఉందంటే చాలదు, భగీరథ నల్లా ఏ పోర్షన్‌కు వస్తుందో, సంపు ఉందో లేదో చూడు. చిన్నపిల్లలున్న వాళ్లు ముందు అదే అడుగుతారు.

కాగితం. 11 నెలల అగ్రిమెంట్ రాసుకో. ఆధార్ కాపీలు, ఇంకా దిగే రోజు ప్రతి గదికీ ఫోన్‌లో వీడియో తియ్యి. ఖాళీ చేసేటప్పుడు "ఈ పగులు ముందే ఉంది" అన్న గొడవ రాదు. రంగులకు ఎంత పట్టుకుంటావో ముందే అగ్రిమెంట్‌లో రాయి. కిరాయి ఫోన్‌పే చేయమను, "ఏప్రిల్ కిరాయి" అని రాయమను.

కిరాయి పెంచడం. మంచివాళ్లయితే ఏడాదికి ఐదు శాతం పెంచి వదిలెయ్. వెయ్యి కోసం పట్టుబట్టి రెండు నెలలు ఖాళీ పెట్టుకున్న రోజులు నాకూ ఉన్నాయి, అందుకే చెప్తున్నా. నీకు జడ్చర్ల నుంచి కల్వకుర్తి, మల్లేపల్లి మీదుగా రావడానికే ఒక పూట. మీ నాన్న కనగల్‌లో ఉన్నారు కదా, ఆయన నెలకోసారి చూసి రాగలరా? లేకపోతే ఈ ఇల్లు నీకు వద్దు.

పానగల్లు_పంతులు
అమ్మా, మీరు క్లాసు చెప్పాల్సింది, నేను కాదు.

కిరాయిదారు_నంబర్1
ఈ అక్క ఇల్లు ఖాళీ ఉంటే చెప్పండి 🙏

దేవరకొండ_దుబాయ్
అందరూ అంటుంటారు, కిరాయిదారు పన్నెండేళ్లు ఉంటే ఇల్లు వాళ్లదే అవుతుందని. నిజమేనా? మా నాన్న ఆ భయంతోనే పైన గది ఖాళీగా పెట్టాడు.

దస్తావేజు_రైటర్
కాదు. మీ అనుమతితో కిరాయి కడుతూ ఉన్నవాడు ఎన్నేళ్లున్నా కిరాయిదారే. పన్నెండేళ్ల మాట, యజమానికి ఎదురుగా "ఇది నాదే" అని ఆక్రమించి కూర్చున్నవాడి సంగతి. అగ్రిమెంట్, కిరాయి రసీదులు ఉంటే భయం లేదు. నాన్నగారికి చెప్పి గదికి టులెట్ బోర్డు పెట్టించండి. ఖాళీ చేయించాల్సి వస్తే రాతపూర్వకంగా నోటీసు ఇవ్వండి. నీళ్లు ఆపడం, కరెంటు తీసేయడం మాత్రం చేయొద్దు. కేసు తిరిగి మీ మీదకే వస్తుంది.

పానగల్లు_పంతులు
పన్ను మాట కూడా ఒకటి. కిరాయి ఆదాయం చూపించడానికి చాలామంది భయపడతారు. మున్సిపాలిటీ పన్ను తీసేశాక మిగిలిన దానిలో 30 శాతం రిపేర్ల పేరు మీద, బిల్లులేమీ లేకుండానే తగ్గిస్తారు. లోన్ వడ్డీ కూడా తగ్గుతుంది. జీతగాడికి పన్ను పడేది దాదాపు ఏమీ ఉండదు. ఇంటి పన్ను ఏడాదిది మొత్తం ఏప్రిల్‌లోనే కడితే ఐదు శాతం రాయితీ, అది వదులుకోకండి.

జడ్చర్ల_జీతగాడు
(రెండు వారాల తర్వాత)

ఫామ్ ప్లాట్ వాళ్లను సర్వే మ్యాప్ అడిగా. "మీలాంటి వాళ్లు కొనరు సార్" అన్నారు. అది ముగిసింది.

ఇల్లు: ఈసీ తీశా, శుభ్రంగా ఉంది. పై పోర్షన్ రేకులదే, పర్మిషన్ లేదు, బ్యాంకు వాల్యుయర్ దాన్ని లెక్కలోకే తీసుకోలేదు. అది చూపించి బేరం ఆడితే 39కి దిగారు. మొత్తం చెక్కులోనే, కాగితంలోనూ 39. అక్క కోసం నేను, నాన్న మిర్యాలగూడ వెళ్లాం. ఆమెకు అమ్మకం సంగతే తెలియదు! తమ్ముళ్లతో రెండు రోజులు మాటల్లేవట. చివరికి ఆమె వాటా ఆమె ఖాతాలో నేరుగా పడేట్టు మూడు చెక్కులు రాద్దామన్నాం, ఒప్పుకున్నారు.

లోన్ 22 తీసుకుంటున్నా, ఈఎంఐ 19,800. నేను 17 పెడితే, రిజిస్ట్రేషన్‌కు 2.93 పోతే, ఇంకా రెండు లక్షలు చేతిలో ఉంటాయి. దాన్ని ముట్టుకోను. నెలకు ఎనిమిది, తొమ్మిది వేలు నా జీతంలోంచి వేసుకోవాలి, ఇంట్లో మాట్లాడుకునే దిగుతున్నాం. రిజిస్ట్రేషన్ వచ్చే గురువారం.

మూడిళ్ల_ఓనరమ్మ
బాగుంది బాబూ. ముగ్గురు కిరాయిదార్ల అడ్వాన్సులు ఎవరి దగ్గర ఉన్నాయి?

జడ్చర్ల_జీతగాడు
అడ్వాన్సులా?

మూడిళ్ల_ఓనరమ్మ
అయ్యో. ఒక్కొక్కరు రెండు నెలలది ఇచ్చి ఉంటారు కదా. అవి పాత ఓనర్ జేబులో ఉన్నాయి. వాళ్లు ఖాళీ చేసే రోజు అడిగేది నిన్ను. రిజిస్ట్రేషన్‌కు ముందే ముగ్గురితో మాట్లాడి, ఎంతిచ్చారో రాయించుకుని, ఆ మొత్తం నీకు ఇప్పించుకో. ఆ పూటే ముగ్గురికీ నీ పేరు మీద కొత్త అగ్రిమెంట్లు రాయి.

జడ్చర్ల_జీతగాడు
(శుక్రవారం)

29 వేలు. అన్నదమ్ములు గొణిగారు కానీ ఇచ్చారు. రిజిస్ట్రేషన్ అయ్యింది. కొత్త అగ్రిమెంట్లు మీరు చెప్పినట్టే రాశాం, కిరాయి ఈ ఏడాది పెంచనని చెప్పా. మీటరు ఒక్కటే ఉంది, విడగొట్టడానికి సోమవారం కరెంటు ఆఫీసుకు నాన్న వెళ్తున్నారు.

పైన రేకుల పోర్షన్ ఆవిడ ఇప్పుడే ఫోన్ చేసింది. వాన పడుతోందట, వంటింట్లో బకెట్ పెట్టారట. దేవరకొండ రోడ్డు వైపు మంచి రేకుల మేస్త్రీ ఎవరైనా తెలుసా?

పానగల్లు_పంతులు
తెలుసు. నంబర్ ఇక్కడ పెడితే మోడరేటర్ ఊరుకోరు. మెసేజ్ చూసుకోండి.